బందూకు ఒక చోట, తూటా ఒక చోట

మొన్న ఆదివారం పొద్దున వరండాలో కూర్చొని పేపరు చదువుకుంటుంటే, మా మనవరాలు నీళ్లు నింపిన ప్లాస్టిక్ తుపాకి పట్టుకొని వచ్చి నా మొహానికి గురిపెట్టింది. నేను నవ్వవలసింది. నవ్వే లోపలే నా చేయి దానంతట అదే ముందుకు పోయి ఆ రంగుల బొమ్మ మూతిని మెల్లగా పక్కకు తిప్పేసింది. అది బొమ్మ అనీ, లోపల నల్లా నీళ్లు తప్ప ఏమీ లేవనీ నాకు తెలుసు గాని నా చేతికి తెలియదు. "ఉత్తదైనా సరే మనిషి దిక్కు పెట్టొద్దు బిడ్డా" అని నోటివెంట వచ్చిన మాట కూడా నాది కాదు, మా అమ్మది. పాప మూతి ముడుచుకొని బాల్కనీలో తులసి కుండీని తడపడానికి పోయింది. నేను మాత్రం ఆ పేపరు మళ్లీ తెరవలేదు. ఆ పూటంతా జహీరాబాదులో మా ముందటి హాలు, దాని తెల్ల సున్నపు గోడ, ఆ గోడ మీది బందూకు నా ఎదుటనే ఉన్నాయి.

నా వయసు వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. డెబ్బయ్యవ దశకంలో మా దిక్కు కాస్త భూమి ఉన్న ఇండ్లలో, పెద్దల ఫోటోల నడుమ రెండు ఇనుప కొక్కేలకు ఒక బందూకు అడ్డంగా వేలాడుతుండేది. తుపాకి అనే మాట పుస్తకాలలోది, మా అందరి నోటా అది బందూకే. మా పొలాలు ఝరాసంగం పోయే తోవలో ఉండేవి, చెరుకు, జొన్న, ఆ మూలనో ఈ మూలనో ఇంత కంది. జొన్న పాలు పోసుకునే వేళకు అడవి పందులు గుంపులుగా దిగి, తిన్నది కొంతైతే తొక్కింది అంతకు పదింతలుగా పాడుచేసి పోయేవి. అందుకే తాతకు సర్కారు లైసెన్సు ఇచ్చింది. ఆయన కొట్టిన పందులు ఎన్నో నాకు తెలియదు గాని, చాలాసార్లు గాలిలోకి ఒకటి పేల్చి బెదరగొట్టి వచ్చేవాడని బాపు చెప్పగా విన్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక తాత దాన్ని దించి, పాత ధోవతి పేలికను కుట్టు మిషను నూనెలో ముంచి, సన్నని కట్టెతో గొట్టాల లోపల తుడిచేవాడు. ఆ నూనె వాసన, తాత బీడీ వాసన, బొంబాయి సడక్ మీద లారీల మోత, ఎండకు సగం మూసిన తలుపుల సందులోంచి నేల మీద పడే వెలుతురు గీత, ఇవన్నీ కలిసి నాకు ఎండాకాలం సెలవులంటే. మేము పిల్లలం చుట్టూ కూర్చొని చూసేవాళ్లం. నేను ఆడపిల్లనైనా ఆ గొట్టాల గుండా ఆకాశం చూసే వంతు నాకూ వచ్చేది. రెండు గుండ్రని ఆకాశాలు అందులో అద్దాల్లా మెరిసేవి. అందులో తప్పేముందని ఇంట్లో ఎవరికీ అనిపించలేదు, ఒక్క అమ్మకు తప్ప.

అమ్మ సంగారెడ్డిలో బడిపంతులు బిడ్డ. పుట్టింట్లో కత్తిపీటకు మించిన ఆయుధాన్ని చూసి ఎరగదు. మా ఇంటికి కోడలుగా వచ్చిన నాటి నుంచి హాలులో ఆ గోడకు ఎదురు గోడను పట్టుకొని నడిచేదట. ఆ కాలంలో కోడలు మామ ముందర నిలబడి మాట్లాడే పద్ధతి లేదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీది అన్నం తింటూ, ఏండ్ల తరబడి ఒకరితో ఒకరు ఒక్క ముక్క నేరుగా అనుకోకుండా బతికిన మామాకోడళ్లను మనమంతా చూసినవాళ్లమే. వాళ్లిద్దరి నడుమ టపా మోసేది నేను. వంటింట్లోంచి అమ్మ, "ఆ బందూకును జర అర్రల పెట్టుమని చెప్పు తాతకు, చిన్నోడు నడక నేర్చిండు" అనేది. నేను హాలులోకి చేరే లోపలే తాత, "పెట్టెల పెడితె తుప్పు పడ్తదని చెప్పు మీ అమ్మకు. గోడ మీదుంటెనే ఇంటికి ఇజ్జత్" అనేవాడు. "ఇజ్జత్ గోడకెందుకు, మనుషులకుంటె చాలదా అని అడుగు" అని లోపలినుంచి ఇంకో టపా. ఆ మాటను నేను మోయలేదు, మోయవలసిన పనీ లేకపోయింది. తాత అప్పటికే మీసాల చాటున నవ్వుతున్నాడు. నవ్వాడే గాని బందూకు మాత్రం గోడ దిగలేదు.

ఆ ఇంట్లో ఎన్నికలు వస్తే సంతోషపడే మనిషి అమ్మ ఒక్కతే. ఎన్నికల ముందు లైసెన్సు ఆయుధాలన్నీ ఠాణాలో అప్పజెప్పాలి గదా, మైకులు కట్టిన జీపులు వీధిలో తిరగడం మొదలుకాగానే అమ్మ మొహం విప్పారేది. తాత మాత్రం ఖాళీ కొక్కేలను చూసి, ముందు పన్ను ఊడినవాడిలా నోరు మూసుకొని తిరిగేవాడు. "ఓట్లొస్తె నీకు పండుగే గదనే" అని నానమ్మ కోడలిని ఎకసెక్కెం చేసేది.

అసలు పండుగ సంగతికి వస్తాను. దసరా నాడు ఆయుధ పూజ అందరిదీ, మా ఇంట్లో మాత్రం దానికో ప్రత్యేకమైన ఆచారం ఉండేది. ఎవరైనా గిన్నెలో కూర పంపితే ఆ గిన్నెను ఉత్తగా తిరిగి పంపం, చిటికెడు చక్కెరైనా వేసి పంపుతాం. కొత్త కుండనైనా, కొత్త గంపనైనా ఉత్తది గడప దాటించం. అదే లెక్కన, ఉత్త బందూకుకు పూజ చేయరాదని మా తాత తండ్రి నాటి నుంచి ఒక నియమం. కాబట్టి దసరా పొద్దున తాత ఒక గొట్టంలో తూటా పెట్టి, బందూకును దేవుని అర్రలో పీట మీద గోడకు నిలబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, మూతికి ఒక ముద్దబంతి పువ్వు గుచ్చేవాడు. సాయంత్రం జమ్మి పెట్టుకున్నాక పొలం గట్టు దాకా పోయి, ఆ తూటాను ఆకాశంలోకి పేల్చి, ఉత్త బందూకుతో ఇంటికి వచ్చేవాడు. అన్నేండ్లూ అలా పొద్దున నిండింది సాయంత్రానికి ఖాళీ అయ్యేది గనుక ఎవరికీ ఏ ఆపదా రాలేదు.

తమ్ముడు అప్పుడప్పుడే మాటలు నేర్చి ఇల్లంతా తిరుగుతున్న ఏడు అది. పూజ అయింది, నానమ్మ గారెల పిండి రుబ్బుతోంది. బీదర్ అవతలి ఊరినుంచి ఒక మనిషి వచ్చి గడప బయటే నిలబడ్డాడు. నీళ్లిస్తే తాగలేదు. అది చూడగానే నానమ్మ చేతిలో పొత్రం ఆగిపోయింది, చావు కబురు తెచ్చినవాడు నీళ్లు తాగడు గదా. పోయింది తాత పెదనాన్న కొడుకు, మా పాలివాడు. అంటే ఇంటిల్లిపాదికీ మైల. పండుగ అక్కడికక్కడే ఆగిపోయింది. పొయ్యి మీది మూకుడు దిగింది. తాత, నానమ్మ, బాపు వెంటనే బయలుదేరారు. మొగుడంపల్లిలో ఉన్న మా పాలివాళ్లు కూడా అదే తోవన పోతూ తమ పిల్లలను మా ఇంట్లో దించిపోయారు. చావింట్లో పిల్లలెందుకు, అమ్మ చూసుకుంటుంది గదా అని.

అమ్మ వంటింటి తలుపు చాటునుంచి నన్ను ఉరికించింది. తూటా లోపలనే ఉంది, తీసి పొమ్మని చెప్పు అని. తాత అప్పటికే తలకు తువ్వాల చుట్టుకొని వాకిట్లో ఉన్నాడు. చెప్పాను. "మైలల దేవుని సామాను ముట్టొద్దని తెల్వదా మీ అమ్మకు? దేవుని అర్రల ఎవలకేం పని? తలుపు దగ్గరికెయ్యుండ్రి, వచ్చినంక చూద్దం" అని వెళ్లిపోయాడు. ఆయన మాట కటువైనది కాదు, తొందరలో ఉన్న మనిషి మాట. పైగా ఆ ఇంటి నియమం ప్రకారం అది సరైన మాటే. అంత్యక్రియలు, దినాలు అన్నీ ముగిసి మైల తీరేదాకా ఆ పీటను ఎవరూ ముట్టరాదు. దేవుని అర్రకు తాళం వేయడమూ మా ఇండ్లలో లేదు, దేవుడిని బంధించినట్లవుతుందని. అమ్మ గొళ్లెం పెట్టి, పాత చీర అంచు చింపి దానికి ముడివేసి, ఆ పూటంతా అన్నం వడ్డిస్తున్నా, పిల్లలకు పక్కలు పరుస్తున్నా, కన్ను మాత్రం ఆ ముడి మీదనే పెట్టుకొని తిరిగింది.

అంతమంది పిల్లలు ఒక్క చోట చేరితే ఏమవుతుందో మీకు తెలుసు. మర్నాడు పొద్దెక్కగానే దాగుడుమూతలు మొదలయ్యాయి. పోవద్దన్న చోటును మించి దాక్కునే చోటు ఏముంది? ఏ పెద్ద పిల్ల విప్పిందో గాని ముడి విప్పారు, దాక్కున్నారు, వెళ్లిపోయారు, తలుపు మళ్లీ వేయలేదు. అమ్మా నేనూ బావి దగ్గరినుంచి నీళ్లు తెస్తున్నాం. నడవలోకి రాగానే ఆ తలుపు బెత్తెడు తెరిచి కనిపించింది.

లోపల తమ్ముడు పీట ఎక్కి నిలబడి ఉన్నాడు. ఒక చేత్తో బందూకు గొట్టాన్ని పట్టుకొని, రెండో చేత్తో మూతికి గుచ్చిన బంతిపువ్వును పీకుతున్నాడు. పువ్వు వాడిపోయి రేకులు రేకులుగా ఊడి వస్తోంది. అంతా పీకేశాక, తాత మాకు ఆకాశం చూపించే పద్ధతి గుర్తొచ్చిందేమో, ఒక కన్ను మూసి రెండో కన్ను గొట్టానికి ఆనించాడు.

అమ్మ అరవలేదు. ఇప్పటికీ నాకు ఆశ్చర్యం కలిగించేది అదే. నీళ్ల బిందెను చప్పుడు కాకుండా నేల మీద పెట్టి, వెనక్కి చేయి చాపి నన్ను ఆపి, రోజూ పిలిచే గొంతుతోనే, "కన్నా, కోడి పిల్లల్ని చేసిందట, చూస్తవా?" అంది. వాడు తల తిప్పి "ఏడ?" అన్నాడు. "పెరట్ల. దిగి రా మెల్లగ, లేకుంటె ఉరుకుతయ్." వాడు చేయి వదిలి, పీట దిగి, తప్పటడుగులతో వచ్చాడు. బందూకు గోడ వెంట కొంచెం జారి, మూలకు ఆనుకొని ఆగింది. వాడిని చేతుల్లోకి తీసుకున్న తరువాతనే అమ్మ అక్కడే గడప మీద కూలబడింది. వాడు మాత్రం కోడిపిల్లలేవని ఏడుపు మొదలుపెట్టాడు.

తాత తిరిగి వచ్చేది ఎప్పుడో. అప్పటిదాకా ఆగడం ఇక కుదరదని అమ్మ నిర్ణయించుకుంది. పిల్లలందరినీ నాకప్పజెప్పి వీధి అరుగు మీద కూర్చోబెట్టమని చెప్పి, పెరటి గోడ మీదినుంచి పక్కింటి ఖాలాను పిలిచింది. ఖాలా వాళ్ల నాయన ఒకప్పుడు ఏదో జాగీరులో షికారుకు పోయే మనిషి. బందూకులు తుడిచే ఇంట్లో పుట్టి పెరిగింది ఆమె. పిల్లలను పెద్ద పిల్లకు ఒప్పజెప్పి నేను మళ్లీ నడవలోకి వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాను, వాళ్లు నన్ను చూడలేదు, చూసినా పొమ్మనే తీరిక వాళ్లకు లేదు.

ఖాలా చెప్పులు పెరట్లోనే విడిచి వచ్చి దేవుని అర్ర గడప ఇవతల ఆగిపోయింది.

"నేను లోపటికి రాను బహెన్, మీ దేవుని అర్ర. ఈడికెళ్లే చెప్త, నువ్వు చెయ్యి."

"నేను మైలల ఉన్న ఆపా. నేనూ ముట్టొద్దు."

"మరెవలు ముట్టాలె? నీ కొడుకా?"

అమ్మ గడప దాటి లోపలికి పోయింది.

"కింది మీట దిక్కు వేలు పోనియ్యకు. మూతి పైకే ఉండాలె."

"పేలితె ఎట్ల ఆపా?"

"పేలని. పేలితె మిద్దెకు పొక్క పడ్తది, మేస్త్రీ వచ్చి పూడ్చుకుంటడు, ఫికర్ చెయ్యకు. పైన చిన్న పిడి ఉన్నదా? బొటనవేలుతోని పక్కకు నూకు. గట్టిగ! మామ మీదున్న కోపమంత దాని మీద పెట్టు."

అమ్మ నవ్విందో ఏడ్చిందో ఆ చప్పుడులో నాకు తెలియలేదు. కటుక్కుమని బందూకు నడుముకు విరిగినట్లు వంగింది. ఎర్రటి తూటా, దాని ఇత్తడి అడుగు కనిపించాయి. ఖాలా చెప్పినట్లే అమ్మ దాన్ని గోటితో లాగి, కొంగు చివర ముడివేసుకొని, బందూకును అలా వంచినదాన్ని వంచినట్లే పీట మీద పడుకోబెట్టింది. బయటికి వచ్చి ఖాలా చేతులు పట్టుకుంది. ఆ తరువాత తూటాను తన బీరువాలో పెట్టి తాళం వేసి, తలస్నానం చేసి, దేవుని అర్ర దిక్కు తిరిగి దండం పెట్టుకుంది.

కర్మలన్నీ ముగిసి మా వాళ్లు తిరిగి వచ్చిన రోజు, అందరూ కాళ్లు కడుక్కొని హాలులో కూర్చున్నాక, టపా మోయడానికి అమ్మ నన్ను పిలవలేదు. తానే తలుపు దగ్గరికి వచ్చి, కొంగు తల మీదికి లాక్కొని, నేల చూపు చూస్తూ, "మామా, తూటా నేనే తీసిన. చిన్నోడు పీట ఎక్కి గొట్టంల కన్ను పెట్టిండు" అంది. మామతో కోడలు మాట్లాడటం ఒక వింత, మాట్లాడిన మాట ఇంకో వింత. తాత నానమ్మ దిక్కు తిరిగి, "మైలల దేవుని అర్ర తొక్కిన్రా? మా నాయన కాలం నుంచి ఎన్నడన్న అయిందా గిట్ల?" అన్నాడు. బాపు ఏదో సర్దిచెప్పబోయాడు. నానమ్మ ఆయనను చేత్తో ఆపి, తన మొగుడి మొహంలోకి చూసి, "మైల పోనీకి నీళ్లున్నయ్. పానం పోతె ఏం తెచ్చి పోస్తవ్?" అంది.

తాత లేచాడు. కోపంతో బయటికి పోతాడనుకున్నాం. ఆయన దేవుని అర్రలోకి పోయి, బందూకును మళ్లీ సరిచేసి, పూజనాడు పెట్టినట్లే పీట మీద నిలబెట్టి, తమ్ముడిని ఎత్తుకొని వచ్చి పీట మీద దాని పక్కన నిలబెట్టాడు. వాడి కన్ను సరిగ్గా గొట్టం మూతి దగ్గరికి వచ్చింది. వాడు తాత ఏదో ఆట ఆడిస్తున్నాడనుకొని, ఆ కన్ను మూసి ఈ కన్ను మూసి, వంగి లోపలికి చూశాడు. తాత వాడిని లాక్కొని గుండెకు అదుముకొని ఆ పీట పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఆయన భుజాలు అలా కదలడం మేము ఎప్పుడూ చూసి ఉండలేదు. అందరం ఇవతలికి వచ్చేశాం.

ఆ వారంలోనే వడ్రంగం చేసే వడ్ల ఆయన వచ్చి టేకు చెక్కతో పొడుగాటి పెట్టె చేశాడు. బందూకును గొట్టాలు వేరుగా, కట్టె వేరుగా విడదీసి, నూనె గుడ్డలో చుట్టి అందులో పెట్టారు. పెట్టెను తాత మంచం కింద గొలుసుతో కట్టి, దాని తాళంచెవిని తాత మొలతాడుకు కట్టుకున్నాడు. తూటాలు మాత్రం అమ్మ బీరువాలోనే ఉండిపోయాయి, ఆ తాళంచెవి అమ్మ నడుము గుత్తిలో. అలా ఉండాలని తాతే అన్నాడు. బందూకు ఒక చోట, తూటా ఒక చోట, ఒకరు లేకుండా ఇంకొకరికి పని జరగొద్దు అని. గోడ మీది కొక్కేలకు నానమ్మ గొడుగు తగిలించింది. పాలివాళ్లలో ఒకాయన వచ్చి దాన్ని చూసి, "ఏం పటేలా, పందిని కొట్టాలంటె కోడలి పర్మిషన్ గావాల్నట?" అని వేళాకోళం చేస్తే, తాత బీడీ ఆర్పి, "పంది ఆగుతది. పిల్లలాగరు" అని ఊరుకున్నాడు.

మరుసటి దసరాకు ఉత్త బందూకుకు పూజ ఎట్లా అన్న ప్రశ్న వచ్చింది. నానమ్మ రెండు పసుపు కొమ్ములు తెచ్చి తూటాలు పెట్టే చోట పెట్టి, "ఇగ ఉత్తగ యాడుంది?" అంది. తాత బందూకును మూసి, పసుపు కుంకుమ పెట్టి పూజ మొదలుపెట్టాడు.

పందులు మాత్రం ఎప్పటిలాగే వచ్చేవి. జొన్న పాలు పోసుకునే రోజుల్లో పొద్దు వాలే వేళకు తాత వంటింటి గడప దగ్గరికి వచ్చి దగ్గేవాడు. మొదట్లో ఒట్టి దగ్గే, అమ్మ తలుపు చాటునుంచి తూటాలను పళ్లెంలో పెట్టి జరిపేది. కొన్నాళ్లకు దగ్గు పోయి, "అమ్మా, తూటాలు" అన్న మాట వచ్చింది. తరువాత తూటాలు ఇస్తూ అమ్మ, "చెరుకు దిక్కు గూడ వచ్చినయా మామా?" అని అడిగేది. తాత నిలబడి చెప్పేవాడు. నిలబడి చెప్పేవాడికి ఒకరోజు పీట వేశారు, ఇంకోరోజు చాయ ఇచ్చారు. నేను కాలేజీకి హైదరాబాదు పోయి సెలవులకు వచ్చే నాటికి, తాత వంటింటి గడపకు ఆనుకొని కూర్చొని, బీదర్ సంతలో ఎడ్ల ధర మొదలుకొని బాపు తెలివితక్కువతనం దాకా అన్నీ కోడలితో చెప్పుకుంటున్నాడు. ఒక్కోసారి పొలానికి పోయే సంగతే మరిచిపోయేవాడు. ఆ ఏడు పందులు హాయిగా తిన్నాయని నానమ్మ అనేది.

ఎనభైల నడుమ తాత పోయాడు. స్నానం చేయించేటప్పుడు మొలతాడు నుంచి తాళంచెవిని విప్పి బాపు అమ్మ చేతిలో పెట్టాడు. దినాలు కాగానే అమ్మ బాపును కూర్చోబెట్టి, బందూకును ఠాణాలో అప్పజెప్పి, లైసెన్సు వాపసు ఇచ్చి రమ్మంది. ఎవరూ కాదనలేదు. కోడలిగా అడుగుపెట్టిన రోజునుంచి ఆమె కోరుకున్నది అదే. ఆ రోజు రిక్షాలో ఆ పొడుగాటి పెట్టె వీధి మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి చూసి, లోపలికి వచ్చి, తృప్తిగా అన్నం తిన్నది.

ఇప్పుడు మా పిల్లల ఇండ్లల్లో బీరువాకు అంకెలు నొక్కితే తెరుచుకునే తాళాలున్నాయి. ఎవరి అంకెలు వాళ్లవి, ఎవరినీ ఏదీ అడగనక్కరలేదు. భద్రమైనవే, కాదనను. తమ్ముడికి తల నెరిసింది, బంతిపువ్వు సంగతి చెబితే నీ కల్పన అని నవ్వుతాడు. వాడు అలా నవ్వడానికే గదా అమ్మ అంత చేసింది. కాని తాత పోయిన ఆ ఏడు, జొన్న పాలు పోసుకునే రోజుల్లో నేను ఇంటికి వెళ్లినప్పుడు చూశాను. పొద్దు వాలే వేళకు పొయ్యి ముందర రొట్టెలు కొడుతున్న అమ్మ ఉన్నట్టుండి చేయి ఆపి, తల మీదికి కొంగు లాక్కొని, వంటింటి గడప దిక్కు చూసింది. అక్కడ ఎవరూ లేరు. కాసేపు చూసి, పెనం మీద మాడుతున్న రొట్టెను తిరగేసింది.